మారుతి ఏ చేతికి వస్తాడు

"ఆసావరీ, ఠేచా కాస్త ఎక్కువే నూరు. కేతకికి మహా ఇష్టం" అని హాల్లోంచి కేకేశాడు మిలింద్.

 వంటింట్లో ఆసావరి వేయించిన పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ రోట్లో వేసి గట్టిగా ఒక పోటు వేసింది. ఘాటు కళ్ళకి కొట్టింది. అదీ మంచిదే, ఇప్పుడు కళ్ళు తుడుచుకున్నా ఎందుకని అడిగేవాళ్ళుండరు. పుణెలో వానలు కాస్త తగ్గుముఖం పట్టాయంటే ఈ ఇంట్లో ఏటా ఇదే తంతు. మిలిందూ, అతని స్నేహితుడు పరాగూ, ఆఫీసు వాళ్ళు కొందరూ హాల్లో చేరతారు. ఏ కోట ఎక్కాలి, డేరాలు ఎక్కడ వెయ్యాలి, ఆదివారం దిగొచ్చాక కింద ఊళ్ళో పాత శివాలయం చూడాలా, చెరువు గట్టున కూర్చోవాలా అని వాదించుకుంటారు. దారిలోకి పాలతో పిండి కలిపిన దశమీ రొట్టెలు మాత్రం వంటింట్లో వాటంతటవే కాలతాయి. తిరిగొచ్చాక బురద సాక్సులు కూడా వాటంతటవే ఉతుక్కుంటాయి.

ఈ ఏడు కేతకి కొత్తగా చేరింది. మిలింద్ ఆఫీసే. మేకపిల్లలా కొండలెక్కేస్తుందట. వారం నుంచి అన్నం దగ్గరా, మంచం మీదా అదే మాట. మొగుడి మీద అనుమానమా అంటే, అబ్బే, ఆ సంగతి ఆసావరి తనని తాను నిలదీసి అడిగి మరీ తేల్చుకుంది. అతన్ని ఎవరైనా ఎత్తుకుపోతే దశమీల చాకిరీ తప్పుతుందని నవ్వుకుంది కూడా. కానీ ఇందాక కేతకి గుమ్మంలో బూట్లు విప్పినప్పుడు వాటి అడుగున ఎండిన ఎర్రమట్టి చూసింది. ఆ మట్టిని చూసి కుళ్ళుకుంది.  ఆ పిల్ల నవ్వినా, కాళ్ళు చాపుకుని కూర్చున్నా ఒళ్ళు మండిపోతోంది.

కాలేజీ రోజుల్లో కొండలెక్కేటప్పుడు ఆసావరే ముందు నడిచేది. మిలింద్ పరిచయమైంది కూడా అక్కడే. పెళ్ళయిన మొదటి వానాకాలం తను సంచీ సర్దుకుంటుంటే అత్తగారు మెత్తగానే అన్నారు, "ఇప్పుడు నీకెందుకమ్మా ఆ కొండలూ గుట్టలూ? వాడు వెళ్తాడుగా, వచ్చి నీకు అన్నీ చెప్తాడు." అత్తగారు అన్నట్టే అతను వెళ్ళాడు, వచ్చాడు, చెప్పాడు. పాప పుట్టాక ఒకసారి తనే నోరు తెరిచి అడిగింది. "రావచ్చు, కాదనను. కానీ మోకాళ్ళు పట్టేస్తే నిన్నెవరు మోస్తారు?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అదీ ఆమెకి ఇప్పటికీ మంట.

హాల్లో మిలింద్ గొంతు పెరిగింది.

"సావళ్‌గడ్ కోట మీద పొగమంచు నాకు కొత్త కాదు కేతకీ. ఒకసారి ఎలా కమ్మిందంటే, ముందున్న మనిషి కనిపించట్లేదు. అందరూ ఏడుపు మొహాలు. దారి నేనే పట్టాను. నా వెనకే రండి, ఎవరూ పక్కకి పోకండి అన్నాను."

రోకలి ఆగిపోయింది. అవి ఆసావరి మాటలు. ఆ రోజు మిలింద్ ఆమె సంచీ పట్టీ పట్టుకుని, తల వంచుకుని, కళ్ళు మూసుకుని వెనకాల నడిచాడు. దారి పట్టింది ఆమె.

"అమ్మో, మీకు భయమెయ్యలేదా?" కేతకి గొంతులో మెరుపు. "సరే, రాతి మారుతి విగ్రహం దగ్గర దారి చీలుతుందిగా. మనం ఎటు పోవాలి?"

"అది నాకు కంఠతా వచ్చు. మారుతి మన ఎడమ చేతికి రావాలి. ఆ దారే వెడల్పు కూడా. ముందు నువ్వే నడు, నేను వెనకుంటాను."

ఆసావరి హాలు వైపు తల తిప్పింది. ఎక్కేటప్పుడు మారుతి కుడి చేతికి రావాలి. ఎడమ చేతికి వచ్చేది దిగేటప్పుడు. పాపం, అతను దిగేటప్పుడే కదా కళ్ళు తెరిచింది. ఆ వెడల్పు దారి పశువులు తొక్కింది, పోయి పోయి రాళ్ళు జారే లోయ అంచున ఆగుతుంది. మంచులో ఆ అంచు కనిపించదు.

నాకెందుకు, అనుకుంది. పోనీ. మేకపిల్ల కదా, ఎక్కనీ. ఒక్క క్షణం, నిజంగానే, ఆ బూట్లు ఆ రాళ్ళ మీద జారితే బాగుండుననుకుంది. మళ్ళీ రోకలి అందుకుంది. రెండు పోట్లు వేసి ఆపేసింది. ఛీ, ఎంతకి దిగజారాను అనుకుంది. ఆ పిల్ల తన దగ్గర ఏం లాక్కుంది? కేతకి వింటోంది, అంతే. కథ ఎత్తుకుపోయినవాడు వేరే ఉన్నాడు.

ఆసావరి ఘాటు చేతులతోనే హాల్లోకి వచ్చి నిలబడింది.

"వదినా, ఠేచా అయిందా?" అన్నాడు పరాగ్.

"సగం అయింది" అంది. తర్వాత కేతకి వైపు తిరిగింది. "మారుతి నీ కుడి చేతికి రావాలి. ఎడమకి వస్తే లోయలో పడతావు."

"అదేం కాదు, నాకు బాగా గుర్తు" అన్నాడు మిలింద్.

"నీకు గుర్తున్నది దిగిన దారి. ఎక్కేటప్పుడు నా సంచీ పట్టుకుని కళ్ళు మూసుకున్నావు."

మిలింద్ పరాగ్ వైపు చూశాడు. ఆ రోజు పరాగ్ కూడా ఆ వరసలోనే ఉన్నాడు. పరాగ్ చాయ్ కప్పులోకి చూస్తూ, "వదినే ముందు నడిచింది" అన్నాడు మెల్లగా.

కేతకి కాళ్ళు దగ్గరికి తీసుకుని పక్కన చోటిచ్చింది. "అయితే శనివారం మీరే నడవండి వదినా. నేను మీ వెనక వస్తాను."

"మరి దశమీలు?" అన్నాడు మిలింద్.

"పిండి డబ్బా కింద అరలో ఉంది. రోకలి రోట్లోనే ఉంది" అంది ఆసావరి, అటక మీది సంచీ దించుకోవడానికి కుర్చీ లాక్కుంటూ.