ముళ్లకంచె దగ్గర సద్దిమూట

దేవసహాయం అయ్యగారి మీద సమ్మయ్యకున్న కోపం ఇవాళ్టిది కాదు. మలయా దేశంలో ఆ మనిషి ఒక్క మాట నిజం చెప్పి ఉంటే ఒక సంసారం నిలబడేది. చెప్పలేదు. చెప్పకపోగా, లక్సెట్టిపేట చర్చిలో కోతకాలపు పండుగ నాడు, కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్ల నడుమ నిలబడి నవ్వుతూ మళ్లీ జనాన్ని పిలుస్తున్నాడు.

"మూడు నెలలే! ఓడెక్కి పోవుడు, పాటలు పాడుడు, వాక్యం చెప్పుడు, మళ్ల ఓడెక్కి వచ్చుడు. గంతే. రబ్బరు తోటలల్ల మన తెలుగోళ్లు మంచి మాట చెప్పేటోడు లేక ఉన్నరు. ఎవరొస్తరు?"

చదువరులారా, పైకి చూస్తే ఇందులో తప్పేముంది? పరాయి దేశంలో కష్టపడే వాళ్ల దగ్గరికి పోయి నాలుగు పాటలు పాడి రావడం మంచి పనే కదా! అక్కడ చాపల మీద కూర్చున్న వాళ్లందరూ అలాగే అనుకున్నారు. ముందు వరుసలో ఒక చెయ్యి లేచింది. సమ్మయ్య అల్లుడు వెంకటిది. పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. ఆ చెయ్యి చూడగానే సమ్మయ్య చాప మీద నిటారుగా కూర్చున్నాడు. మూడేళ్ల కింద అట్లా లేచిన చెయ్యి తనది.

అది యాభై రెండో సంవత్సరం. సమ్మయ్య నాలుగో తరగతితో బడి మానినవాడు, కానీ కంజిర పట్టుకుని గొంతెత్తాడంటే చర్చి అంతా ఊగేది. అందుకే దేవసహాయం అతన్ని ఏరుకున్నాడు. ఇంగ్లీషు వచ్చిన అయ్యగారు, ఆడవాళ్లకు వాక్యం చెప్పే మగ్దలేనమ్మ, పాటకు సమ్మయ్య. ముగ్గురూ మద్రాసులో ఓడెక్కారు. రజాకార్ల నాడు జొన్నచేలలో దాక్కున్నవాడు, ఆ వెనుక మిలిటరీ లారీల చప్పుడుకు ఉలిక్కిపడుతూ నిద్రపోయినవాడు సమ్మయ్య. సముద్రం దాటితే భయం కూడా దాటిపోతుందనుకున్నాడు.

రబ్బరు తోట దగ్గర లారీ దిగగానే కనబడ్డది ముళ్లకంచె. కూలీల లైను ఇళ్ల చుట్టూ రెండు నిలువుల ఎత్తున కంచె, ఒకే గేటు, గేటు దగ్గర తుపాకులు. బయటి అడవిలో సర్కారు మీద తిరగబడ్డవాళ్లు ఉన్నారట.

తోట దొర ఆఫీసు అరుగు మీద నిలబడి దేవసహాయానికి ఇంగ్లీషులో చాలాసేపు ఏదో చెప్పాడు. వేలు ఎత్తి ఎత్తి చెప్పాడు. దేవసహాయం తలూపాడు.

"ఏమంటుండు అయ్యగారూ?" అన్నాడు సమ్మయ్య.

"ఏం లేదు. జర జాగ్రత్తగ ఉండుమంటుండు."

"గంతసేపు గదేనా?"

"నీకెందుకయ్యా ఫికర్? నువ్వు పాట పాడు."

మగ్దలేనమ్మను పక్క తోట దవాఖానకు పంపారు. సమ్మయ్యకు సింహాద్రి అనే కూలీ ఇంట్లో బస దొరికింది. సింహాద్రి పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి పోయినవాళ్లు. భార్య పైడమ్మ, ముగ్గురు పిల్లలు. రెండు అరలున్న రేకుల ఇల్లు. ఉన్న దాంట్లోనే అతిథికి ముందు పెట్టి తరువాత తాము తిన్నారు.

"మా ఊరి పాట ఒకటి పాడు బావూ," అని సింహాద్రి అడిగితే, "మీ ఊరి పాట నాకెట్ల వస్తది? మీరు 'ఏంది' అనేదానికి 'ఏటి' అంటే నాకు గోదారే యాదికొస్తది," అని సమ్మయ్య నవ్వించాడు. పిల్లలు అతని మాట పట్టుకుని, "గిట్ల, గట్ల," అని ఇల్లంతా గెంతారు.

సింహాద్రి తెల్లవారకముందే చెట్లకు గీత పెట్టి రబ్బరు పాలు పట్టడానికి పోయేవాడు. పొద్దు నడినెత్తికి వచ్చాకే తిరిగి వచ్చేవాడు. పోయేటప్పుడు చేతిలో బకెట్ తప్ప ఏమీ ఉండేది కాదు.

"సద్ది కట్టుకపోవా తమ్మీ?" అని ఒకనాడు అడిగాడు సమ్మయ్య.

సింహాద్రి గోడ వైపు చూశాడు. ఆ రేకు గోడ అవతల ఎవరు వింటారో తెలియదు. "ఇక్కడ అలవాటు లేదు బావూ," అని గొంతు తగ్గించి, గబగబా వెళ్లిపోయాడు.

సమ్మయ్య దాన్ని తనకు తెలిసిన తీరునే అర్థం చేసుకున్నాడు. మన దిక్కున సద్ది లేకుండా పొలానికి పోయే మనిషి ఉంటాడా? ఎంత లేనింట్లోనైనా ఇంత జొన్న గటక, ఒక ఉల్లిగడ్డ గుడ్డలో కట్టి ఇస్తారు. అది ఇవ్వని ఇల్లు ఇల్లు కాదు. ఇంట్లో బియ్యం తక్కువయి, తన వాటా నా పళ్లెంలో వేసి, పాపం కడుపు మాడ్చుకుంటున్నాడు అనుకున్నాడు. ఆ రాత్రి సగమే తిన్నాడు. మిగిలిన అన్నంలో ఇంత పచ్చడి పెట్టి తన తువ్వాలలో మూట కట్టి, పొద్దున్నే సింహాద్రి చూడకుండా బకెట్ అడుగున, పాలు వడగట్టే గుడ్డ కింద పెట్టాడు. చెట్ల నడుమ మూట కనబడ్డప్పుడు అతని ముఖం ఎట్లుంటుందో అనుకుని తనలో తాను నవ్వుకున్నాడు.

ఆ ముఖాన్ని చెట్ల నడుమ కాదు, గేటు దగ్గరే చూశాడు.

కాపలావాడు బకెట్లో చెయ్యి పెట్టి తువ్వాల పైకి తీశాడు. వెనుక వరుసలో ఉన్న కూలీలందరూ ఒక్కసారిగా దూరం జరిగారు. సింహాద్రి ముఖంలో నెత్తురు లేదు. ఈల మోగింది. మెతుకులు నేల మీద రాలాయి. పిడికెడు అన్నం కంచె దాటిస్తే అది అడవిలోని వాళ్లకేనని అక్కడి చట్టం. దొర ఆ రోజు వేలెత్తి చెప్పింది అదే.

"నేను! నేనే పెట్టిన! నాదే తువ్వాల!" అని సమ్మయ్య గేటు వరకు ఉరికాడు. తెలుగు అర్థమయ్యే పోలీసు అక్కడ ఒక్కడూ లేడు. తుపాకి మడమతో ఛాతీ మీద నెట్టారు. చూస్తుండగానే సింహాద్రిని లారీ ఎక్కించారు. లారీ మీది నుంచి అతను సమ్మయ్య వైపే చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఇదేమిటి బావూ అని అడిగినట్టుంది.

పైడమ్మ గుమ్మంలో కూలబడింది. "బువ్వ ఎందుకు కట్టినావు బావూ? మీ పాదిరిగారు నీకేటీ సెప్పనేదా?"

సమ్మయ్య దేవసహాయాన్ని వెతికి పట్టుకుని పోలీసు అధికారి ముందుకు తీసుకపోయాడు. "చెప్పు అయ్యగారూ. నేనే పెట్టిన అని ఇంగ్లీషుల చెప్పు. నన్ను పట్టుకోమను." అధికారి కుర్చీలోంచి లేవలేదు. దేవసహాయం టోపీ తీసి, గుమ్మంలోని తుపాకి వైపు చూశాడు. రెండు మాటలు ఆడాడు, అంతే.

"చెప్పినవా?"

"చెప్పిన. విచారిస్తరట. నడువు."

ఏం చెప్పాడో తోట గుమాస్తా తరువాత విప్పి చెప్పాడు. 'ఆ మూటతో మా వాళ్లకు సంబంధం లేదు. ఈ మనిషి అమాయకుడు, భయంతో ఏదో అంటున్నాడు.' ఇవీ ఆ రెండు మాటలు.

"నిన్ను పట్టుకుంటే మనల్ని అందరినీ ఎల్లగొడుతరు," అన్నాడు దేవసహాయం, నిలదీస్తే. "మళ్ల ఏ తోటల కాలు పెట్టనియ్యరు. దేవుని పని ఆగాల్నా?"

దేవుని పని ఆగలేదు. మరునాడే ఇంకో తోటలో పాటలు. అక్కడా ముళ్లకంచే, అక్కడా తుపాకులే. కంజిర మీద సమ్మయ్య వేళ్లు పడలేదు. కుక్క మొరిగితే దడ, లారీ మలుపు తిరిగితే దడ. సింహాద్రికి మూడేళ్ల జైలు పడ్డదని తెలిసింది. లైను ఇల్లు పని చేసేవాడిదే కాబట్టి పైడమ్మను, పిల్లలను ఖాళీ చేయమన్నారు. ఓడ ఎక్కిన నాడు కూడా సమ్మయ్య వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. తాను వచ్చిన ఓడ తనను తీసుకపోతున్నది. వాళ్లను తీసుకపోయే ఓడ ఏది?

ఊరికి వచ్చిన నెలకే సమ్మయ్య పొలం అమ్మాడు. ఎందుకో భార్య బాలవ్వకు కూడా చెప్పలేదు. మలయా పోయి సారకు మరిగాడని, పొలం తాగేశాడని ఊరంతా అనుకుంది. అతను కాదనలేదు. ఎవరికైనా చెబితే ఇక్కడికీ పోలీసులు వస్తారేమోనన్న భయం అతన్ని వదల్లేదు.

ఇప్పుడు చర్చిలో సమ్మయ్య లేచి నిలబడ్డాడు.

"వెంకటీ, చెయ్యి దించు."

"ఎందుకు మామా? నువ్వు పోలేదా?"

"పోయిన. గందుకే చెప్తున్న."

"అల్లుడు సుత ఆడ సారకు మరుగుతడని పరేషాన్ అయితుండు!" అని వెనుక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి.

"కూసో సమ్మయ్యా," అన్నాడు దేవసహాయం. "ఆడ గిప్పుడు అన్నీ చక్కబడ్డయి."

"సింహాద్రి చక్కబడ్డడా అయ్యగారూ?"

ఆ పేరు ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. నవ్వులు ఆగిపోయాయి. సమ్మయ్య బకెట్ సంగతి, తువ్వాల సంగతి, అయ్యగారు ఇంగ్లీషులో ఆడిన రెండు మాటల సంగతి చెప్పుకుంటూ పోయాడు. దేవసహాయం పుస్తకం తెరిచాడు, మూశాడు. "నేను నలుగురి మేలు చూసిన," అన్నాడు చివరకు. ఆ గొంతులో నాటి భయమే ఉంది.

ఆడవాళ్ల చాపల నుంచి మగ్దలేనమ్మ లేచింది. నలభై ఊళ్ల ఆడవాళ్లు తల్లిగా చూసుకునే మనిషి.

"సమ్మయ్య పొలం తాగలేదు. ఆ పైసలు నా చేతుల పెట్టిండు. ఆడి తోట దవాఖానోళ్ల ద్వారా పంపిచ్చి పైడమ్మను, పిల్లలను ఓడెక్కిచ్చినం. శ్రీకాకుళం దిక్కు వాళ్ల పెద్దల ఊళ్లె బతుకుతుండ్రు. సింహాద్రి సంగతి నాకు గిప్పటికీ తెలువదు." దేవసహాయం వైపు తిరిగింది. "సమ్మయ్య తెలువక తప్పు చేసిండు. అయ్యగారూ, మీరు తెలిసి చెప్పకపోతిరి. మూడు నెలలుండి వచ్చేటోనికి తప్పు చేసినా తప్పించుకోను ఓడ ఉంటది. ఆడనే బతికేటోనికి ఏముంటది? సేవకు పోయేటోడు ముందుగాల ఆ జాగల మనుషులు దేనికి భయపడుతుండ్రో అడిగి తెలుసుకోవాలె. మన తప్పు వాళ్ల మెడకు పడితే, నాదే అని చెప్పే గుండె ఉండాలె. గది లేనోడు ఇంటికాడనే ఉండుడు మంచిది. దేవుడు ఇంటికాడ సుత ఉన్నడు."

వెంకటి చెయ్యి ఎప్పుడు దిగిందో ఎవరూ గమనించలేదు. అతను లేచి వచ్చి మామ పక్కన నిలబడ్డాడు. తాగుబోతని తానూ వెనకాల అన్నవాడే.

"మామా, ఎంత పొలం?"

"చెరువు కింద, మా తాత చదును చేసిన మడి," అన్నాడు సమ్మయ్య. "ఎకరం ఇరవై ఆరు గుంటలు."