పదిహేను వందల మీటర్ల ఉప్పునీళ్లు

నేను ఒక ఈత కళ్లజోడుని. రెండు నీలం అద్దాలు, వాటి చుట్టూ మెత్తటి రబ్బరు అంచు, తల వెనక్కి సాగే పట్టీ. అంతే నా ఒళ్లు. కరిగిన ప్లాస్టిక్కును అచ్చులో పోసి నన్ను చేశారు. డబ్బా మీద మాత్రం ‘ఆవిరి పట్టదు, నీరు చొరబడదు’ అని పెద్ద అక్షరాలతో వేశారు. ఆ మాటలు రాసినవాడు ఎప్పుడూ నీళ్లలో దిగి ఉండడు. వాడి పుణ్యమా అని తర్వాత నేను పడ్డ తిట్లు ఇన్నీ అన్నీ కావు.

విశాఖపట్నంలో ఒక బ్యాంకు ఆఫీసరు నన్ను కొన్నాడు. నాతోపాటు టోపీ, ముక్కుకు క్లిప్పు, చెవుల్లోకి బిరడాలు, మందపాటి తువ్వాలు కూడా కొన్నాడు. పదకొండు రోజులు ఈతకొలనుకు వచ్చాడు. అందులో నాలుగు రోజులు ఫొటోలకే సరిపోయాయి. పన్నెండో రోజు జలుబు చేసింది. అంతకుముందు రోజు నన్ను గట్టు మీది బెంచీ కింద మరిచిపోయాడు, మళ్లీ వెతుక్కుంటూ రాలేదు. కోచ్ లూర్దుమేరి నన్ను తీసి, దిక్కులేని వస్తువుల పెట్టెలో పడేసింది. తొమ్మిది నెలలు అందులో ఉన్నాను.

నన్ను బయటికి తీయించిన మనిషి పేరు మళ్ల సత్యవేణి. ఆర్టీసీ సిటీ బస్సులో ఇరవై ఎనిమిదేళ్లు కండక్టరుగా చేసి, అరవై నిండగానే రిటైరయింది. కదిలే బస్సులో నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. రోజూ కాసేపు నీళ్లలో నడవండి, నొప్పి తగ్గుతుంది అని డాక్టరు చెప్పాడట. ఆడవాళ్ల వేళకు వచ్చి, నడుము లోతు నీళ్లలో నాలుగు రోజులు నడిచింది. అయిదో రోజు మేరి దగ్గరికి వెళ్లి, “నడవడానికైతే రోడ్డుంది కదమ్మా. నాకు ఈత నేర్పు,” అంది.

మేరి పెట్టెలోంచి నన్ను తీసి సత్యవేణికి ఇచ్చింది. ఆమె ముఖం వెడల్పు. నా అంచు ఆ బుగ్గల మీద సరిగ్గా కూర్చునేది కాదు. నీళ్లు కారేవి. ఆమె ఊపిరికి నా అద్దాలు మసకేసేవి. నోట్లోకి నీళ్లు పోయినా, గోడకు తల కొట్టుకున్నా తప్పు నాదే. “పాడు కళ్లజోడు,” అని నన్ను గట్టు మీదకి విసిరేది. మసక పట్టకుండా ఉండాలంటే అద్దాల లోపల ఉమ్మి రుద్దాలని మేరి నేర్పింది. ఆ రోజు నుంచీ ఆ మర్యాద నాకు రోజూ జరిగింది. అయినా ఆరునెలలు తిరిగేసరికి ఆమె కొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా పదిసార్లు ఈదింది.

ఆ కొలను గోడ మీదే ఒక పోస్టరు అంటించారు. ట్రయథ్లాన్ అట. సముద్రంలో పదిహేను వందల మీటర్ల ఈత, వెంటనే నలభై కిలోమీటర్ల సైకిలు, వెంటనే పది కిలోమీటర్ల పరుగు. ప్రతి దానికీ గడువుంది. ఈత యాభై అయిదు నిమిషాల్లో ముగించకపోతే సైకిలు ముట్టుకోనివ్వరు.

ఆమె భర్త గౌరీశ్వరరావు ఓడల కార్ఖానాలో ఫిట్టరుగా చేసి రిటైరయిన మనిషి. సంగతి తెలిసిన పూట వంటింట్లో పెద్ద గొడవే అయింది. నేను పెరటి తీగ మీద ఆరుతూ అంతా విన్నాను.

“ఈ వయసులో ఇదేటే నీకు? మోకాళ్లు అరిగిపోనాయని ఆస్పత్రికి ఎల్లి, పరుగుపందేనికి పేరిచ్చి వొస్తావేటి?”

“మోకాళ్లు నావి. ఏడుపు మీకేటండీ?”

“జనం నవ్వుతారు.”

ఆమె నెమ్మదిగా అంది. “ఇరవై ఎనిమిదేళ్లు ఈ ఊరంతా తిరిగాను. అందులో ఒక్క మైలూ నాది కాదు, బస్సుదే. ఒక్కసారి నా అంతట నేను తిరగాలనుంది.”

మొదటి ఏడు పోటీలో సముద్రం మా ఇద్దరికీ కొత్త. కొలను అడుగున నల్లటి గీత ఉంటుంది, దాన్ని చూస్తూ పోవచ్చు. సముద్రంలో కింద ఆకుపచ్చ చీకటి తప్ప నేను ఆమెకు చూపించగలిగింది ఏమీ లేదు. దారి చూపడానికి నీళ్ల మీద తేలే గుర్తులు మూడున్నాయి. రెండోది చేరకముందే అల ఒకటి ముఖం మీద విరిగింది. ఆమె ఊపిరి తప్పింది. చేతులు నీళ్లను కొట్టడం మొదలుపెట్టాయి. కాపలా పడవలోని మనిషి రెక్క పట్టి లాగి, “పరవాలేదు మామ్మగారూ, కూకోండి,” అన్నాడు. ఆ మామ్మగారు అన్న మాట ఆమెను ఉప్పునీళ్లకంటే ఎక్కువ మండించింది.

రెండో ఏడు వారానికి రెండుసార్లు మేరితో సముద్రంలోనే సాధన. కుడి భుజం వాచింది. నెలన్నర ఈత మానేసి భుజానికి చికిత్స చేయించుకుంది. ఆ నెలన్నరా సైకిలు తొక్కి మోకాలు వాపు తెచ్చుకుంది. మోకాలు తగ్గేసరికి జ్వరం. ఒక చోట కుట్టేసరికి ఇంకో చోట చిరిగే బట్టలా ఉండేది ఆమె ఒళ్లు. కుర్రవాళ్లకు రెండు రోజుల్లో తగ్గేవి ఆమెకు ఇరవై రోజులు పట్టేవి. అద్దంలో తన కళ్ల చుట్టూ నేను వేసిన గుండ్రటి గాట్లు చూసుకుని, “సాయంత్రానికి కూడా పోవు. చర్మం కూడా రిటైరయిపోయింది,” అనేది.

అయినా ఆ ఏడు పదిహేను వందల మీటర్లూ ఈదింది. ఎవరూ రెక్క పట్టుకోలేదు. ఇసుక మీదకి తడబడుతూ నడిచి వచ్చేసరికి అధికారి ఒకాయన ఎదురొచ్చి, వంగి, ఆమె కాలికి కట్టిన టైమింగు పట్టీ విప్పబోయాడు.

“యాభై ఎనిమిది అయిందమ్మా. మూడు నిమిషాలు దాటిపోయింది.”

“మూడు నిమిషాలకేనా బాబూ? సైకిలు మీద పూడ్చీస్తాను. వదిలీ.”

“రూలమ్మా. నా చేతుల్లో లేదు.”

ఆమె కాలు వెనక్కి తీసుకుంది. “పరిగెత్తుకొచ్చే మనిషి కనబడితే నేను బస్సు ఆపీదాన్ని,” అంది. చివరికి తనే వంగి, పట్టీ విప్పి అతని చేతిలో పెట్టింది. దారిలో భర్తతో అంది. “ఆడి తప్పు లేదండి. టిక్కెట్టు లేని మనిషిని నేనూ మధ్యలో దింపీసీదాన్ని. ఎంత బతిమాలినా సరే.” చెప్పేటప్పుడు ఆమె గుప్పిట్లో నేను నలిగిపోతున్నాను.

మూడో ఏడు ఆమెకు అరవై మూడు. తెల్లవారుజామున లేవడం, నానబెట్టిన అటుకులు తినడం, ఈదడం, తొక్కడం, మోకాలికి ఐసు పెట్టుకోవడం, తొమ్మిదింటికే నిద్ర. పెళ్లిళ్లు మానేసింది. సముద్రంలో యాభై మూడు నిమిషాలకు వచ్చింది. మేరి గడియారం రెండుసార్లు చూసుకుని, “వేణమ్మగారూ, ఈసారి మిమ్మల్ని ఎవరూ ఆపలేరు,” అంది.

ఆపింది సముద్రమే. పోటీ నాటి ఉదయం తీరంలో ఎర్రజెండా ఎగురుతోంది. అలలు మనిషెత్తు లేస్తున్నాయి. మైకులో చెప్పారు. ఈత రద్దు, దాని బదులు అయిదు కిలోమీటర్ల పరుగు. చుట్టూ ఉన్న పోటీదారులు చప్పట్లు కొట్టారు. వాళ్లలో సగం మందికి ఈతంటే భయమని అప్పుడు తెలిసింది. సత్యవేణి నన్ను నుదుటి మీద పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. సంచీ పట్టుకుని పక్కనే ఉన్న గౌరీశ్వరరావు ఓదార్పు అనుకుని, “పోనీలే, నీకు రానిదే తీసీసారు. బతికిపోనావు,” అన్నాడు.

ఆమె నన్ను తీసి అతని చేతిలో పెట్టి, పరుగు మొదలయ్యే చోటికి వెళ్లిపోయింది.

ఆ రోజంతా నేను సంచీలో ఉన్నాను. జరిగింది తర్వాత విన్నదే. ఆమె అన్నీ పూర్తిచేసింది. అరవై దాటిన ఆడవాళ్లలో మొదటి బహుమతి వచ్చింది. అరవై దాటిన ఆడమనిషి ఆమె ఒక్కతే. పేపర్లో ఫొటో వేశారు. ఇరుగుపొరుగు స్వీట్లు తెచ్చారు. గౌరీశ్వరరావు మెడల్‌ను హాల్లో మేకుకు తగిలించాడు. మర్నాడు ఆమె దాన్ని తీసి బట్టల బీరువాలో అడుగున పెట్టేసింది. “ఈదని ఈతకి మెడలేటండీ?” అంది. అతనికి నిజంగానే అర్థం కాలేదు. గెలిచిన మనిషి ముఖం అలా ఎందుకుందో వచ్చినవాళ్లకీ అర్థం కాలేదు.

పది రోజులకు సముద్రం నెమ్మదించింది. ఆమె ఒక చేపల పడవను మాట్లాడుకుంది. మేరి వచ్చింది. ఎవరూ పిలవకుండానే గౌరీశ్వరరావు కూడా పడవెక్కాడు. టైము తనే చూస్తానన్నాడు. తాడూ రాయీ కట్టిన ఖాళీ డబ్బాలను గుర్తులుగా వదిలారు. ఆమె దూకింది.

ఆ ఈత నాకిప్పటికీ గుర్తే. ఆమె చేతులు తొందర లేకుండా పడుతున్నాయి. ఊపిరి లెక్క తప్పలేదు. పక్కన పడవలో గౌరీశ్వరరావు మాత్రం అంచు మీదకి వంగి వాంతి చేసుకుంటూ, మధ్యమధ్య గడియారం చూస్తున్నాడు. సగం దాటాక నా కుడి అంచు లొంగిపోయింది. మూడేళ్ల ఉప్పుకీ ఎండకీ రబ్బరు ఎప్పుడో బిరుసెక్కింది. నీళ్లు లోపలికి చొరబడ్డాయి. ఆమె ఆగి, నన్ను ఎత్తి, నీళ్లు ఒంపి, మళ్లీ పెట్టుకుంది. వంద మీటర్లు పోయేసరికి మళ్లీ నిండాను. మళ్లీ ఆగింది. మూడోసారి ఆగలేదు. ఒక్క కంటితోనే, రెండోది మండుతుండగా, చివరిదాకా ఈదింది.

పడవ అంచు పట్టుకుని, “ఎంతండీ?” అని అడిగింది.

“యాభై అయిదు. అటూ ఇటూగా,” అన్నాడు గౌరీశ్వరరావు.

“అటా, ఇటా?”

అతను మేరి వైపు చూశాడు. మేరి సముద్రం వైపు చూసింది.

“అటే. యాభై ఆరు,” అన్నాడు చివరికి.

ఆ ఒక్క నిమిషం నాది. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ రోజు మాత్రం నన్ను తిట్టలేదు. ఎర్రబడ్డ కన్ను తుడుచుకుని, నన్ను మంచినీళ్లతో కడిగింది. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు కొత్త కళ్లజోడు కొంది. నన్ను పారేయలేదు గాని, వంటింటి కిటికీ మేకుకు తగిలించి మరిచిపోయింది. పొద్దుటి పూట ఆమె సాధనకు పోతుంది కాబట్టి వంట ఇప్పుడు గౌరీశ్వరరావుదే. ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ కళ్లు మండి, నన్ను తీసి పెట్టుకున్నాడు. ఆ తర్వాత రోజూ అదే. సముద్రం చూసిన నేను పోపుల డబ్బా పక్కన ఉల్లిఘాటుకు కాపలా కాస్తున్నాను. ఒకటి చెప్పాలి. ఆయన ముఖం సన్నం. ఆయన కళ్లలోకి నేను ఘాటు రానివ్వలేదు.

నాలుగో ఏడు పోటీకి ఇద్దరూ కలిసి వెళ్లారు. ఆమె సైకిలెక్కాక అతను వంట చూడటానికి ముందే తిరిగొచ్చాడు. మధ్యాహ్నం దాటాక తలుపు తెరుచుకుంది. ఆమె నేరుగా వంటింట్లోకి వచ్చి, నిలబడలేక, నేల మీదే చతికిలబడింది. మోకాలు గుమ్మడికాయలా వాచి ఉంది. అతను నీళ్లిచ్చాడు.

“నీళ్లలో యాభై రెండున్నర,” అంది నాలాంటి పాత వస్తువులకు చెబుతున్నట్టు, గోడ వైపు చూస్తూ. “సైకిలూ టైముకే అయింది. ఏడో కిలోమీటరు కాడ మోకాలు ఆగిపోయింది. నడిచాను. నడుస్తుంటే ఎనకాల నుంచి వ్యానొచ్చి, టైమైపోయింది ఎక్కమన్నారు.”

“ఎక్కీసావా?”

“లేదు. మూడు కిలోమీటర్లూ నడిచీ వొచ్చాను. అప్పటికి ఆఖరి గీత కాడ కట్టిన గేటు కూడా ఇప్పీసారు.”

ఆమె కళ్లు మూసుకుని గోడకు ఆనుకుంది. కోపమో, అలసటో, ఏడుపో నేను చెప్పలేను. నీళ్లలోనైతే ఆ తేడా నాకు తెలిసేది. కళ్ల చుట్టూ కొత్త కళ్లజోడు వేసిన గుండ్రటి గాట్లు ఎర్రగా ఉన్నాయి.

గౌరీశ్వరరావు బుట్టలోంచి రెండు ఉల్లిపాయలు తీసి, కత్తిపీట ముందు కూర్చుని, మేకు మీది నన్ను అందుకుని పెట్టుకున్నాడు. నా అద్దాల వెనుక ఆయన కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి. ఒక్క ఉల్లిపాయా ఇంకా తరగలేదు.