స్రవంతి వంతు

"మీ సారు బడి బందు వెట్టిండు గని, పిల్లలు వెట్టలే. ఖాళీ కుర్చీ ముంగట మూగోళ్ల లెక్క కూసుంటున్నరు" అందట పక్కింటి సాయవ్వ. భార్య ఇంద్రమ్మ ఆ మాట చెప్పగానే మార్కండేయులు సారు బడికి బయల్దేరారు. ఆ కుర్చీ ఆయనదే.

రోజుకొక విద్యార్థి అందులో కూర్చుని ప్రశ్నలడగాలి, సారు కింద కూర్చుని జవాబు చెప్పాలి. కోరుట్ల బడిలో ఆ పద్ధతి పెట్టింది ఆయనే.

వెళ్లి చూస్తే నిజమే.

"తెలంగాణ అచ్చేదాక సమ్మెనే అన్న గదా. ఇండ్లకు పోండ్రి."

"ఇయ్యాల స్రవంతి వంతు సార్" అంది సంగీత.

స్రవంతి చనిపోయి వారమైంది. సమ్మెతో బస్సుల్లేక, జ్వరంతో కాలిపోతున్న బిడ్డను తండ్రి ఏసయ్య ఆటోలో జగిత్యాల దవాఖానకు తీసుకుపోతుంటే రాస్తారోకోలో చిక్కుకున్నారు. ఆ రోడ్డు మీద జెండా పట్టుకుని కూర్చున్నవాళ్లలో సారూ ఉన్నారు.

ఎవరో ఉన్నట్టే పిల్లలు కుర్చీ వైపు చూస్తున్నారు. ఆయన వాళ్ల మధ్యే కింద కూర్చున్నారు.

"ఏమడుగుతదే బిడ్డా, అది?" అని సంగీతనడిగారు.

"ఆటోల నన్ను చూసి గూడ తొవ్వ ఎందుకియ్యలే సార్, అంటది."