కృష్ణప్ప బావికాడి మాగ్నెటో

కృష్ణప్ప మాగ్నెటోను అడిగి తీసుకుపోయింది వారం రోజులకని. తిరిగి ఇచ్చింది ఆరేళ్లకు. ఆ ఇవ్వడమైనా ఊరికే ఇవ్వలేదు. పుంగనూరు చుట్టుపక్కల పెద్దరైతని పేరున్న మనిషి, పదిమందికి పంచాయితీ చెప్పే మనిషి, పరాయివాడి వస్తువును అన్నేళ్లు బావిగడ్డన పెట్టుకుని నీళ్లు తోడుకుంటే ఒక్కరూ తప్పనలేదు. కృపాదానం మాత్రం అంటాడు. వినేవాళ్లుంటే వాళ్లతో అంటాడు, లేకుంటే కారుతో అంటాడు.

కారు మోరిస్. మదనపల్లె మిషన్ దొరది. మూడో తరగతితో బడి మానేసిన కృపాదానం ఆ దొర షెడ్డులో కారు తుడిచే పనికి చేరి, పోనుపోను డ్రైవరయ్యాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడు దొర సముద్రం దాటి తన సీమకు పోతూ కుప్పం స్టేషన్లో మద్రాసు మెయిలెక్కాడు. ఎక్కేముందు బానెట్టు మీద చెయ్యి వేసి, ఇంక ఇది నీదే, బాగా చూసుకో అన్నాడు. రైలు కదిలాక కృపాదానం ఏడ్చాడు. దొర పోయినందుకా, కారు తనదైనందుకా అంటే ఆయనే చెప్పలేడు.

వాపసు వస్తుంటే పుంగనూరు దాపున రేడియేటరు పగిలి కారు నిలిచిపోయింది. పక్కనే ఆయన పుట్టిన పల్లె. ఎద్దులు కట్టి లాక్కొచ్చి, చెల్లెలు ప్రభావతి గుడిసె పక్కన కొట్టం వేసి అందులో నిలబెట్టాడు. మదనపల్లెకు వచ్చిన కొత్త దొర తన డ్రైవరును తనే తెచ్చుకున్నాడు. కృపాదానం పుంగనూరు, మదనపల్లె మధ్య తిరిగే బస్సుకు డ్రైవరుగా కుదిరి, కొట్టంలోనే ఒక మూల మంచం వేసుకున్నాడు.

నెల తిరగకముందే కృష్ణప్ప వచ్చాడు. ఆ పల్లెలో ఆయన కాలు పెట్టడం అదే మొదలు. కృపాదానం తండ్రి బతికినంతకాలం ఆయన మడిలో నాగలి పట్టిన మనిషి. తండ్రినైనా కొడుకునైనా 'ఒరే' అనడమే తప్ప వేరే పిలుపు ఆ నోట రాలేదు. ఆ పొద్దు మాత్రం వచ్చింది.

"కృపాదానప్పా, బాయికాడ ఇంజను సచ్చి కూసుండాది. వరి పొట్టకొచ్చుండాది. నీ కారులో మాగ్నెటో ఉండాదంట గదా, వారం రోజులు ఈప్పా. బెంగుళూరు నుంచి కొత్తది తెప్పిస్తాండాను."

మాగ్నెటో అంటే ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ఇనపపెట్టె, టెంకాయంత ఉంటుంది. అది లేకుంటే ఎంత మంచి కారైనా కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికే. కృపాదానానికి ఆ సంగతి తెలియక కాదు. 'అప్పా' అన్న ఆ ఒక్క పిలుపు చెవిలో పడ్డాక చేతులు వాటంతట అవే స్పానరు పట్టుకున్నాయి. తనే విప్పాడు, తనే మోసుకుపోయాడు, బావిమీది ఆయిలింజనుకు సరిపోకపోతే కొయ్యచెక్క చెక్కి మరీ తనే బిగించాడు. ఇంజను పలికింది. కృష్ణప్ప భార్య మజ్జిగ పంపించింది. దాన్ని గడప బయట నిలబడి తాగాడు.

వారం పోయింది, నెల పోయింది. కోత అయ్యాక అడుగుదామని పోతే చెరుకు నాటారు. యుద్ధం ముదిరి, బెంగుళూరులో సూదంత సామానైనా దొరకడం లేదన్నాడు కృష్ణప్ప. మళ్లీ పోతే మళ్లీ 'ఒరే'నే.

"యాల్రా తొందర? నా బాయికాడే గదా ఉండాది, యాడికి పోతాది? నీ కారు నిలిస్తే ఎవుని కడుపు మాడతాది చెప్పు."

నిజమే. ఎవరి కడుపూ మాడదు. కానీ మదనపల్లె మిషన్ కాంపౌండులో ఆదివారం పూట ఆ కారు దిగుతుంటే, గుడిమెట్ల మీదివాళ్లంతా అన్నా అన్నా అని చుట్టూ చేరేవాళ్లు. ఆసుపత్రి కాంపౌండరు శామ్యూల్ భుజం మీద చెయ్యి వేసి మాట్లాడేవాడు. కారు ఆగినప్పటినుంచీ ఆ వైపునుంచి ఒక్కరూ పల్లెకు రాలేదు. కృపాదానానికి పెళ్లాం లేదు, పిల్లలు లేరు. కారు కదిలితే మనుషులు వస్తారు. ఇంతకుమించి ఆయన కోరిందీ లేదు.

అందుకని సెలవు దొరికిన పొద్దంతా కొట్టంలోనే. రేడియేటరుకు మాట్లు వేశాడు. వాల్వులను గరుకుపొడితో నూరి నూరి, కిరసనాయిలు పోసి చుక్క దిగకుండా చూసుకున్నాడు. చెదలు తిన్న తలుపు చట్రాన్ని వడ్రంగి దగ్గర కూర్చుని కొత్తగా చేయించాడు. పటాలం డేరాగుడ్డ సంపాదించి తనే టాపు కుట్టాడు. ఎలుకలు కొరికిన సీట్లకు కొత్త తోలు వేయించాడు. పెట్రోలు కరువై బొగ్గు గ్యాసుతో నడిచేలా బస్సుకు వెనక కుంపటి తగిలించినప్పుడు, బస్సు యజమాని నీ కారుకూ పెట్టుకో, వెనక భాగం కొంచెం కోస్తే చాలు అన్నాడు. కృపాదానం ఆయనతో నెల రోజులు మాట్లాడలేదు.

ఆ ఏళ్లల్లో కొట్టంలోకి వచ్చే మనిషి ప్రభావతి ఒక్కతే. మొగుడు పోయిన మనిషి. తండ్రి సంపాదించిన మెట్టచేను కృపాదానం పేరున ఉంది. దాన్ని దున్నించుకుని శెనక్కాయలు, ఉలవలు పండించుకునేది. పొద్దు వాలగానే సంగటి, ఊరుబిండి పచ్చడి తెచ్చి, ఆయన తినేదాకా కారు ఫుట్‌బోర్డు మీద కూర్చునేది.

"వదినను తెస్తావనుకుంటే ఇనుమును తెచ్చినావే అన్నా. దీనికీ నేనే వండల్లా?" అనేది.

ఆయన నవ్వేవాడు కాదు. వాల్వుల గురించి చెప్పేవాడు. ఆమె ఊకొట్టేది.

యుద్ధం ముగిసిన ఏడు శామ్యూల్ బస్సెక్కాడు. కూతురు విక్టోరియా పెళ్లి కుదిరిందన్నాడు. డ్రైవరు సీటు వెనక నిలబడి, నీ కారుంటే బిడ్డ గుడికి దొరసానిలాగా వచ్చేదన్నా అన్నాడు. కృపాదానం ఆ సాయంత్రమే కృష్ణప్ప తోటకు పోయాడు.

కృష్ణప్ప ఈసారి కాదనలేదు. ఆలోచించుకునే ఉన్నాడు. కృపాదానం చేను తన కాలవకు అడ్డంగా ఉంది. అది రాసిస్తే మాగ్నెటో ఇస్తాడు, బజారులో ఎవరికీ దొరకని టైర్లు నాలుగు ఇప్పిస్తాడు.

"నా వస్తువు నాకిచ్చేదానికి సేను రాయల్లా సామీ?"

"అట్లయితే ఉండనీరా. పెండ్లికి ఎద్దులబండి ఉండనే ఉండాది."

తన వస్తువును తనే కొనుక్కోవడం ఎంత తప్పో కృపాదానానికి తెలుసు. తెలిసే మర్నాడు వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు. విక్టోరియా పెళ్లయ్యాక చెల్లెలికి చెప్పొచ్చు, ముందుసీట్లో కూర్చోబెట్టుకుని మదనపల్లెకు తీసుకుపోతే దాని కోపం దారిలోనే దిగిపోతుంది అనుకున్నాడు.

ప్రభావతి వచ్చేసరికి ఆయన బానెట్టు ఎత్తి మాగ్నెటో బిగిస్తున్నాడు.

"అన్నా, మన సేన్లో కృష్ణప్ప ఎద్దులు దున్నతాండాయి."

"ఇచ్చేసినా." తల ఎత్తలేదు.

ఆమె ఎత్తిన బానెట్టుకు అవతలి పక్కకు వచ్చి నిలబడింది. "వద్దంటానని తెలిసే అడగలేదు నువ్వు" అంది. అరవలేదు, ఏడవలేదు. ఆ పొద్దు సంగటి తెచ్చింది, ఫుట్‌బోర్డు మీద పెట్టి వెళ్లిపోయింది. రెండోనాడు గుడిసెకు తడిక కట్టి బైరెడ్డిపల్లెకు పోయింది. అక్కడ మొగుడి తరఫువాళ్లున్నారు.

ఆమె పోయిన పొద్దే కారు పలికింది. హ్యాండిలు రెండోసారి తిప్పగానే, ఆరేళ్లు నోరు మూసుకున్నది కాదన్నట్టు, మెత్తగా, ఎక్కడా తడబడకుండా పలికింది. కృపాదానం పక్కకు తిరిగి, విన్నావా అన్నాడు. పక్కన గుడిసె తడిక ఉంది.

పెళ్లిపొద్దున మదనపల్లె రోడ్డు మీద కారు పోతుంటే చేలల్లోని జనం నడుములెత్తి చూశారు. ఆ దారి పొడుగునా ఆయన సుఖపడ్డాడు, అది అబద్ధం కాదు. విక్టోరియాను గుడిదాకా తెచ్చి దించాడు. శామ్యూల్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, నువ్వు కారుకాడే ఉండు. పిల్లోళ్లు గీతలు పెడతారు. ఆకు ఈడికే పంపిస్తాలే."

అన్నం వడ్డించిన ఆకు వచ్చింది. లోపల పాట పాడుతుంటే ఫుట్‌బోర్డు మీద కూర్చుని తిన్నాడు. ఫోటో తీసేటప్పుడు ఆయనను దిగమన్నారు. స్టీరింగు దగ్గర పెళ్లికొడుకు కూర్చున్నాడు.

ఆ తర్వాత పెళ్లి ఉన్నవాళ్లంతా కబురు పెట్టారు. పుంగనూరు నుంచి, సోమల నుంచి, కుప్పం నుంచి కూడా. ప్రతి పెళ్లిలోనూ ఆకు కారు దగ్గరికే వచ్చింది. పెళ్లి లేని ఆదివారాల్లో పొద్దున్నే నూనె మార్చి, ఇత్తడి దీపాలు తోమి, ఒక్కడే కుప్పం స్టేషను దాకా పోయి మెయిలు చూసి వచ్చేవాడు. పక్కసీటు తోలు కొన్ననాటిలాగే ఉంది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు బైరెడ్డిపల్లెకు పోయాడు. ప్రభావతి కూలికి కలుపు తీస్తోంది. మట్టి చేతులతోనే గట్టుమీదికి వచ్చింది. ఆయన కారు తలుపు తీసి పట్టుకుని, పోదాం రామ్మా అన్నాడు.

ఆమె కారును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. "బాగుండాది అన్నా," అంది. "ఎక్కితే ఎక్కుతాను. యాడ దిగేది?"

చేలో మిగిలినవాళ్లు పిలుస్తుంటే సాలులోకి తిరిగి పోయింది.

ఇప్పటికీ బస్సులో ముందు కూర్చున్నవాళ్లు కారు సంగతి ఎత్తితే కృపాదానం కృష్ణప్ప పేరే చెబుతాడు, మాగ్నెటో అప్పడిగిన నాటినుంచీ చెబుతాడు. చెల్లెలి పేరు తీయడు. ఎంత పోయిందప్పా అని ఎవరైనా అడిగితే మాత్రం లెక్క తప్పడు. కారు నిలువునా ఉంది, మాగ్నెటో చేతికొచ్చింది. పోయింది మెట్టచేను, ఎకరా ముప్పై ఏడు సెంట్లు.