జంట జపమాల

నయేలీ పెళ్లికి ఇంకా మూడు వారాలే ఉన్నాయి. చర్చిలో వధూవరుల భుజాల మీద జంట జపమాల వేసేది జ్ఞానతల్లి రెఫూహియోనేనని, పిల్ల జ్ఞానస్నానం నాడే తల్లి ఒర్తెన్సియా మాటిచ్చింది. కానీ ఆ మాల వేయాల్సింది కలిసి కాపురం చేసుకుంటున్న దంపతులు. రెఫూహియో మొగుడేమో కిందటేడు ఇల్లు విడిచి వెళ్లిపోయాడు.

ఆ మాట ఆమెతో ఎలా అనాలో తెలియక ఒర్తెన్సియాకు వారం రోజులుగా ముద్ద దిగడం లేదు. చివరికి తీపి రొట్టెల పొట్లం పట్టుకుని రెఫూహియో ఇంటికి వెళ్లింది. తమ ఊరు పువెబ్లాలో పడని వానల గురించి మాట్లాడింది. పెళ్లి విందుకు వండే మోలె పులుసులోకి కొనాల్సిన ఎండుమిర్చి గురించి మాట్లాడింది.

"అసలు సంగతి చెప్పు వదినా, జపమాల గురించేగా?" అంది రెఫూహియో.

ఒర్తెన్సియా తల వంచుకుంది.

"హమ్మయ్య! ఎక్కడ వెయ్యమంటావోనని నేను హడలి చస్తున్నాను. ఆ మనిషిని పక్కన నిలబెట్టుకుంటే, మాల పిల్లల భుజాల మీద కాదు, వాడి మెడకే బిగిస్తాను."

"ఫాదర్ గారి ఎదుటే?"

"ఆయన్నీ ఓ చెయ్యి వెయ్యమంటాను."

ఒర్తెన్సియాకు నవ్వుతోపాటు కన్నీళ్లూ వచ్చాయి. రెఫూహియో లోపలికి వెళ్లి రెండు తెల్ల దిండ్లు తెచ్చింది. ఒకదాని మీద నయేలీ పేరు సగం దాకా కుట్టి ఉంది.

"పెళ్లిలో పిల్లలు మోకరిల్లే దిండ్లు నా వంతు. వీటికి మొగుడితో పనిలేదు."

ఒర్తెన్సియా పొట్లం విప్పింది. తెచ్చిన నాలుగు రొట్టెల్లో మూడు తనే తినేసింది.