ఫలితం రాని సిద్ధాంతం

బీపీ గోళీల కోసం గద్వాల పోయిన గురువారం నాడు జములమ్మకు ఆ పుస్తకం సంగతి తెలిసింది.

మందుల షాపు విజయ్ ఎప్పుడూ ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. ఆ రోజు నీలి అట్ట పుస్తకం ఒకటి ముందేసుకుని, మందుల చీటీ చేతికిచ్చినా తల ఎత్తలేదు.

"ఏంది తమ్మీ, ఈ వయసుల పరీక్షలా?"

"పరీక్షలు గాదక్కా. జర ఆగు, ఈ పేజీ అయిపోనీ." పేజీ అయ్యాక తల ఎత్తి ఆమెను గుర్తుపట్టాడు. "అరే, నువ్వా! మీ శ్రుతి హైదరాబాద్‌ల చేసే రీసెర్చి గిదే గదా, స్ట్రింగ్ థియరీ?"

కూతురి పేరు ఎవరి నోట విన్నా జములమ్మకు ముందు గుర్తొచ్చేది దవాఖానే.

"శ్రుతికేమైంది?"

"శ్రుతికేం గాలే. ఆ థియరీకే అయింది." విజయ్ నవ్వాడు. "యాభై ఏండ్ల సంది పెద్ద పెద్ద సైంటిస్టులు దాని మీదనే పడి ఉన్నరంట. ఇప్పటిదాంక ఒక్క టెస్టు గూడ పాస్ కాలే. ఈ రాసినాయన కడిగి ఆరేసిండు."

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన పుస్తకమట. గ్రంథాలయంలో ఉన్నది ఒక్కటే. బట్టల దుకాణాయన చదివి విజయ్‌కి చెప్పాడు, విజయ్ తర్వాత రిటైరైన అనంతయ్య సారు వరసలో ఉన్నాడు, ఆయన వెనక ఇంకా ఆరుగురు.

"గంత ఏముంది తమ్మీ అందుల?"

"ఏముందంటే..." విజయ్ కాస్త ఆలోచించాడు. "నాకు లెక్కలు రావక్కా. పదోతరగతిల లెక్కలకే రెండుసార్లు పోయిన. గంత చదువుకున్నోళ్లు గూడ మనలెక్కనే ఒకని ఎనక ఒకడు పోయి తప్పిపోయిన్రంటే, మనసుకు మంచిగనిపిస్తది."

"నాకియ్యి. చదివి ఇస్త."

"శనివారం నాడు గ్రంథాలయంల ఇచ్చెయ్యాలె మరి. లేకుంటే అనంతయ్య సారు నా షాపు ముందే కూసుంటడు."

బస్సులో పుస్తకాన్ని గోళీల సంచిలో కాకుండా ఒడిలో పెట్టుకుని కూర్చుంది. సోమవారానికి నాలుగు రోజులుంది. వనపర్తిలో గురుకులం కొలువు వచ్చింది శ్రుతికి, ఫిజిక్స్ టీచరు. సోమవారం పోయి చేరాలి, చేరకపోతే వరసలో తర్వాతి మనిషికి పోతుంది. చేరితే రీసెర్చి రెండో ఏట్లోనే ఆగిపోతుంది. శ్రుతికి ఆ కొలువు ఇష్టం లేదు. పరీక్ష రాసింది కూడా తల్లి పోరు పడలేకే. పోయిన వారం ఫోన్లో ఒక్క మాట అంది: "నువ్వే చెప్పమ్మా. చేరమంటే చేరుత. వద్దంటే ఇక్కడనే ఉంట. కానీ ఒక్కసారే చెప్పు. మళ్ల ఐదేండ్లు దినాం నీ భయం నేను మొయ్యలేను."

ఆ మాట అడిగినప్పటి నుంచి జములమ్మకు అన్నం సరిగా దిగడం లేదు.

ఇంటికి వచ్చేసరికి భర్త బాలయ్య ఎడ్ల కొట్టం ముందు తాడు పేనుతున్నాడు.

"బిడ్డ చదువు ఫెయిలయిందంట," అంది చెప్పులు విడవకుండానే.

బాలయ్య తాడు వదిలేసి లేచాడు. "శ్రుతి ఫెయిలయిందా?"

"శ్రుతి గాదు. అది చదివే సిద్ధాంతమే ఫెయిలయింది."

"ఓసి నీ..." మళ్లీ కూర్చున్నాడు. "సిద్ధాంతం ఫెయిలైతే బిడ్డకేందే?"

"లాటు ఫెయిలైతే పూలు ఒలిచినోళ్లకేంది అన్నట్లుంది నీ మాట!"

బాలయ్య మళ్లీ తాడు అందుకున్నాడు. వాళ్లది విత్తన పత్తి. మల్దకల్ చుట్టుపక్కల ఊళ్లన్నీ అదే పని. మధ్యాహ్నం పూట, మర్నాడు విచ్చబోయే మొగ్గలను వెతికి, రెక్కలూ పుప్పొడీ బొటనవేలి గోటితో ఒలిచేయాలి. పొద్దున, పుప్పొడి కోసం వేరుగా వేసిన మగచేను నుంచి పూలు తెచ్చి ఒక్కోదానికీ అద్దాలి. రెండు నెలలు, రోజూ వేల మొగ్గలు. ఒలవకుండా వదిలేసిన మొగ్గలు నాలుగు ఎక్కువైతే విత్తనం కల్తీ అయినట్టే. ఆ సంగతి కంపెనీవాళ్లు తమ పొలంలో నమూనా మొలిపించి చూసి, నెలలు గడిచాక చెబుతారు. ఆరేళ్ల కింద వీళ్ల లాటు, అంటే ఆ ఏటి విత్తనం మొత్తం, ఫెయిలైంది. ఆ వారమంతా ఊళ్లోవాళ్లు చావు ఇంటికి వచ్చినట్టు వచ్చి, అరుగు మీద కూర్చుని, టీ తాగి పోయారు. చేను గట్టు తొక్కనివాళ్లు కూడా తప్పు ఎక్కడ జరిగిందో వివరంగా చెప్పారు.

అందుకే టెస్టు పాస్ కాలేదని విజయ్ అన్నప్పుడు జములమ్మకు కనిపించింది ఆ అరుగే. ఈసారి దాని మీద తన బిడ్డను చూడ్డానికి వచ్చి కూర్చుంటారు.

శుక్రవారమంతా చేనుగట్టున సద్ది తినేటప్పుడు, బర్రె పాలిచ్చేలోపు, అన్నం ఉడికేలోపు చదివింది. ఆమెది ఏడో తరగతి చదువు. కొన్ని పేజీలు ఆమెను పక్కకు తోసేసి వెళ్లిపోయాయి. కొన్ని మాత్రం చాలా బాగా అర్థమయ్యాయి. ఎవరు ఎవరికి కొలువు ఇప్పించారు, కొత్త మాట చెప్పిన పిల్లలను ఎట్లా పక్కన పెట్టారు, ఎంతమంది జీవితకాలం దానికే ధారపోశారు. ఆ చివరి మాట దగ్గర కుక్కర్ మూడు కూతలు ఎక్కువ కూసింది.

శనివారం శ్రుతి గద్వాలలో బస్సు దిగగానే జములమ్మ మొదట అన్నది, "చిక్కిపోయినవ్." రెండోది, "ముందు గ్రంథాలయానికి పోవాలె."

పుస్తకం చూసి శ్రుతి నవ్వింది. "ఇది నువ్వు చదివినవా అమ్మా?"

"ఏం, చదవొద్దా?"

"గట్ల గాదు. మా సారు మాతోని మొదటేడాదే చదివించిండు."

జములమ్మ నడిరోడ్డు మీదే ఆగింది. దొంగలను పట్టుకుందామని పోతే వాళ్లే తలుపు తీసి రమ్మన్నట్టుంది.

గ్రంథాలయంలో పేపరు బల్ల దగ్గర అనంతయ్య సారు కాచుకునే ఉన్నాడు. లైబ్రేరియన్ రేణుక మేడం పుస్తకం తీసుకుంటూ, "ఈమెనే సార్, జములమ్మ బిడ్డ," అనగానే ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"నువ్వేనా తల్లీ? కూసో. ఒక్క మాట సూటిగ చెప్పు. ఆ సన్నని తీగలో దారాలో అంటరే, అవి ఉన్నయా లేవా?"

"తెల్వదు సార్," అంది శ్రుతి.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. సారు గెలిచినవాడిలా తల ఊపాడు. "చూసిన్రా? పుస్తకంల రాసింది గూడ గదే!"

"మీరింక చదవలే గద సార్," అంది రేణుక.

"విజయ్ అంత చెప్పిండు."

మళ్లీ నవ్వులు. శ్రుతి కూడా నవ్వింది. జములమ్మ మాత్రం కూతురి ముఖమే చూస్తోంది. అందరి ముందు 'తెల్వదు' అని చెప్పి కూడా ఈ పిల్ల తల దించుకోలేదు. లాటు ఫెయిలైన ఏడాది తాను ఎవరికీ ముఖం చూపించలేకపోయింది.

పుస్తకం వెనక అట్టకు అంటించిన చీటీ తేదీల ముద్రలతో నిండిపోయి, దాని మీద రెండో చీటీ అంటించి ఉంది. జములమ్మ దాన్ని వేలితో తడిమింది.

"మేడం, ఇందుల రాసినాయన అది వద్దంటుండు. సరే. అసలు అదేందో చెప్పే పుస్తకముందా?"

రేణుక వెనక అలమరలోంచి ఒకటి తెచ్చి దుమ్ము దులిపింది. దాని చీటీ మీద ఒకటే ముద్ర.

"రెండేండ్లయింది వచ్చి. ఒక్కరే తీసుకపోయిన్రు." రిజిస్టరు తిప్పి చూసి పెదవి కొరుక్కుంది. "మీరే సార్."

"పదో పేజీల ఆపిన," అన్నాడు అనంతయ్య సారు, ఏమాత్రం సిగ్గుపడకుండా. "అది కష్టముంటది తల్లీ. ఇది గమ్మతుంటది." నీలి పుస్తకాన్ని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్లు చెరో సాలు పట్టి మొగ్గలు ఒలుస్తున్నారు. ఎండ మబ్బు చాటుకు పోతూ వస్తూ ఉంది. బాలయ్య పక్క చేను ఎల్లయ్యతో నీళ్ల వంతు మాట్లాడటానికి పోయాడు.

"ఆ పుస్తకంల రాసింది అబద్ధమా?" అంది జములమ్మ.

"సగం నిజమే అమ్మా. సగాన్ని మా సారోళ్లు ఒప్పుకోరు."

"నిజమైతే ఎందుకు చేస్తున్నవే?"

శ్రుతి ఒక మొగ్గ ఒలిచి, ఇంకోటి ఒలిచింది. "అది ఫెయిల్ కాలేదమ్మా. టెస్టే కాలే. టెస్టు చేసే సాధనం ఇంక యాడా లేదు. కానీ దాని లెక్క ఉంది సూడు, దాంట్ల ఒక ముడి నాకు దొరికింది. చిన్నదే. అది ఇప్పుకుంట కూసుంటే నాకు ఆకలి గాదు."

"అందుకే చిక్కిపోయినవ్."

"అమ్మా!"

"సరే, టెస్టు ఎప్పుడయితది?"

"తెల్వదు. నేనుండంగ కాకపోవచ్చు."

"అయినంక తప్పని తేలితే?"

"తప్పని తేలుతది. అప్పుడు ఇంకోటి ఎతుకుతరు. నేను నేర్చుకున్న లెక్క యాడికి పోదు, పిల్లలకు చెప్పనీకన్న పనికొస్తది. కొలువు మాత్రం మళ్ల ఇంత జల్ది వస్తదని చెప్పలేను. నీకు అబద్ధం చెప్పను."

ఈ పిల్ల ఒక్క అబద్ధం చెబితే ఎంత బాగుండు అనుకుంది జములమ్మ. అంతా మంచిగైతదమ్మా అని ఒక్క మాట.

"మన పోయినేడాది లాటు పాసయిందా?" అంది శ్రుతి, మాట మార్చడానికి.

"ఇంక ఫలితం రాలే. చెప్తమంటున్నరు," అంటూ జములమ్మ చేతిలో మొగ్గ ఒలిచేసింది. పక్కది ఒలిచింది. దాని పక్కది పట్టుకుని ఆగిపోయింది.

గోటి సందులో పచ్చటి పసరు, పసుపు పొడి. పోయిన ఏటి పంట ఏమైందో తెలియకుండానే ఈ ఏడు విత్తనం పెట్టింది. ఈ ఏడే కాదు, పద్దెనిమిదేళ్లుగా ఇట్లాగే. ఫలితం వచ్చాకనే చేలోకి దిగుతానని ఏనాడైనా అందా? అట్లా అంటే ఊళ్లో నవ్వుతారు. భయం మాత్రం ప్రతి ఏడూ పడింది, రోజూ పడింది. భయపడుతూనే ఒలిచింది.

సాలు చివరికి వచ్చాక నడుము నిటారు చేసుకుని, చేతులు చీరకు తుడుచుకుంది.

"నీ కుప్ప సూపియ్యి."

శ్రుతి కొంగు విప్పింది. ఒలిచిన రెక్కలు తల్లివాటిలో సగం కూడా లేవు. జములమ్మ ఆమె సాలు వెంట వెనక్కి నడిచి, ఆకులెత్తి చూసుకుంటూ వచ్చింది. రెండు మొగ్గలు వదిలేసింది పిల్ల. వాటిని తానే ఒలిచింది.

"నిమ్మళంగనే చేసినవ్, కానీ మంచిగనే చేసినవ్," అంది. సోమవారం గురించి ఒక్క ముక్క అనలేదు. శ్రుతి కూడా అడగలేదు.

సోమవారం తెల్లారి ఇద్దరూ గద్వాల బస్టాండులో నిలబడ్డారు. శ్రుతి చేతిలో సర్టిఫికెట్ల సంచి, భుజాన బ్యాగు. రెండిటికీ సిద్ధంగానే వచ్చింది. బాలయ్య రానన్నాడు. "ఆడోళ్లిద్దరు తేల్చుకోన్రి, నాకు చెప్పిన్రంటే సాలు," అన్నాడు.

వనపర్తి బస్సు ముందు వచ్చింది. కండక్టర్ మెట్టు మీద నిలబడి, "వనపర్తి, వనపర్తి! ఎక్కమ్మా ఎక్కు," అని జములమ్మ వైపే చూసి అరిచాడు. శ్రుతి తల్లి ముఖం చూసింది. జములమ్మ బస్సు ముఖం చూసింది. అందులో ఖాళీ సీట్లున్నాయి. కిటికీ పక్క సీటు కూడా ఉంది. అది ఎక్కితే గంటన్నరలో అన్ని భయాలూ తీరిపోతాయి.

"మేం గాదు," అంది జములమ్మ. మళ్లీ, ఈసారి గట్టిగా అంది: "బిడ్డ హైదరాబాద్ పోతది."

బస్సు కదిలి పోయింది. శ్రుతి ఏదో అనబోయింది.

"ఏమనకు," అంది జములమ్మ. "ఒక్కసారే చెప్పమన్నవ్, చెప్పిన. మళ్ల అడిగితే మాట మారుస్త."

హైదరాబాద్ బస్సు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆ ఇరవై నిమిషాలూ వర్షంలో రోడ్డు దాటొద్దనీ, హాస్టలు నీళ్లు కాచుకుని తాగమనీ, డ్రైవరు నిద్రపోతున్నట్టనిపిస్తే లేచి చెప్పమనీ చెబుతూనే ఉంది. శ్రుతి అన్నిటికీ "సరే" అంది.