బ్రగాస్‌కి తెలుగు

"నా డ్రాయరేదీ?"

స్నానాల గదిలోంచి మా ఆయన కేక. ఇరుగుపొరుగంతా విన్నట్టే. టైపు చేస్తున్నదాన్ని లేచి వెళ్లి, తలుపు సందులోంచి అందించి వచ్చి మళ్లీ కూర్చున్నాను.

టైపు చేస్తున్నది ఒక స్పానిష్ నవలకి తెలుగు, ఆఖరి ప్రతి. అట్ట మీద ఆయన పేరు వస్తుంది. ఆయన కాలేజీలో ఆ భాష చెప్తారు. నేనూ ఆయనతోబాటే నేర్చుకున్నాను, మార్కులు నాకే ఎక్కువ. పెళ్లయ్యాక ఆయనకి క్లాసులూ నాకు వంటిల్లూ దక్కాయి. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, కాస్త చిత్తుప్రతి రాసిపెట్టు" అన్నారు మొదటి పుస్తకానికి. ఇది మూడోది. పొయ్యి మీద కూర మాడకుండా చూసుకుంటూ నేను రాస్తాను, ఆయన అక్కడక్కడా కామాలు మారుస్తారు.

ఈసారి మార్చింది కామా కాదు. నవలలో భర్త పోయిన ఒకావిడ, తన బ్రగాస్ ఉతికి, బతుకులో మొదటిసారి వీధివైపు తీగ మీద ఆరేస్తుంది. బ్రగాస్ అంటే ఆడవాళ్లు లోపల వేసుకునే డ్రాయర్లు. అదే భాష మాట్లాడే ఇంకో దేశంలో కాల్సోన్ అంటారు, మరో దేశంలో బొంబాచా. ఎక్కడైనా కొట్లో నిలబడి మామూలుగా అడిగే మాటే. నేను "డ్రాయర్లు" అని రాస్తే ఆయన కొట్టేసి "బట్టలు" అని పెట్టారు. బట్టలు ఆరేస్తే ఇంక కథేముంది, నా మొహం!

ఆ వాక్యం రాసినరోజు నేను ఏడ్చాను. కాపరానికొచ్చిన కొత్తలో అత్తగారు, "అవి అలా కనపడేట్టు ఆరేస్తావేమిటమ్మా, మామగారు తిరిగే చోట" అన్నారు. అప్పట్నుంచీ నావి బాత్రూం మూల, తువ్వాలు కింద. ఆరీ ఆరకుండానే ఒంటి మీదికి. ఒరుసుకుపోయి పుండ్లు పడితే డాక్టరమ్మ ఎండలో ఆరెయ్యమంది. "ఇస్త్రీ చేసుకో, సరిపోతుంది" అన్నారు మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా. ఆయనవి డాబా మీద దర్జాగా ఎగురుతుంటాయి. వాటికి పేరుంది. నావి ఇన్నేళ్లుగా ఉత్త "అవి". అసహ్యమేసింది, ఆయన మీదో, ఒప్పుకున్న నా మీదో.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చారు.

"ఇక్కడ డ్రాయర్లనే ఉండాలండీ" అన్నాను.

"మతిపోయిందా? నా పేరు మీద అచ్చులో ఆ మాటా? స్టాఫ్‌రూములో నలుగురూ ఏమనుకుంటారు?"

"అయితే మీ పేరు తీసేద్దాం. నా పేరు వేస్తాను."

ఆయన పగలబడి నవ్వారు. "నీ పేరా? నువ్వెవరో ఎవరికి తెలుసే?"

నిజమే, ఎవరికీ తెలీదు. "బట్టలు" తీసేసి "డ్రాయర్లు" అని కొట్టాను. మొదటి పేజీకి వెళ్లి ఆయన పేరు తీసేసి, నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో సహా కొట్టాను.

"ఈ సిగ్గులేని మాట రాసిందెవరని అడుగుతారుగా, అప్పుడు తెలుస్తుంది లెండి" అని, పుస్తకాన్ని ప్రచురణకర్తకి మెయిల్లో పంపేశాను.